గడప కడగకముందే

మా పడమటి ప్రకాశంలో ఆడపిల్ల అత్తింట్లో అనుమానాస్పదంగా చనిపోతే కాయితాల్లోకి ఎక్కే మాట తరచూ ఒకటే: కడుపునొప్పి తాళలేక. ప్రాణం తీసేంత కడుపునొప్పి ఇంతమంది ఆడవాళ్ళకు ఎందుకొస్తోందో ఎవరూ ఆరా తీసినట్టు లేదు.

కొన్నేళ్ళ క్రితం కంభం నుంచి ఒక తల్లి వెంట మేం నలుగురం ఆమె కూతురి అత్తగారి ఊరికి ఆటోలో వెళ్ళాం. ఊరు పేరు, స్టేషన్ పేరు రాయను. మేం చేరేసరికి గడప కడిగి ఉంది. గదిలో పేడతో అలికిన నేల ఇంకా తడి ఆరలేదు. అమ్మాయికి నీళ్ళు పోసి, వేరే చీర కట్టి, వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఉరేసుకుందన్నారు. తాడు ముడి విప్పి, పశువుల పలుపులాగా చుట్టి గూట్లో పెట్టారు. హెడ్ కానిస్టేబుల్ గారు వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని రాసుకుంటున్నారు. ఆయన చేతిలో టీ గ్లాసు ఆ ఇంటిదే. చుట్టూ ఉన్న పంచాయతీదార్లు అయిదుగురూ మామగారి వరసవాళ్ళే. తల్లి ఒక్కటే అడిగింది: "సారూ, నా బిడ్డ ఒంటిమీదున్న కోక ఏదీ?"

"అమ్మా, బాధలో ఉండావు. అయ్యన్నీ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారాయన. కోక బావి దగ్గర ఉతికి ఆరేసి ఉంది.

ఆయన చెడ్డవాడని నేననను. తల్లికి కుర్చీ వేయించాడు కూడా. కానీ ఇది హత్య కావచ్చునన్న ఊహతో ఆయన ఆ ఇంటికి రాలేదు. నా తగాదా అంతా అక్కడే. ఇంట్లో ఆడమనిషి అసహజంగా చనిపోతే, కాదని తేలేదాకా దాన్ని హత్యగానే చూడాలి. బ్రిటన్ పోలీసులకు శిక్షణలో చెప్పేది కూడా ఇదే. దేన్నీ ముందే అనుకోవద్దు, చెప్పిందల్లా నమ్మవద్దు, ప్రతిదాన్నీ ప్రశ్నించమంటారు.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ముందు ప్రాణం ఉందేమో చూడాలి. తర్వాత చుట్టూ తాడు కట్టి అందర్నీ బయట ఉంచాలి. తాడు, నాలుగు గుంజలు లేని పల్లె లేదు. లోపలికి ఎవరు, ఎన్ని గంటలకు వెళ్ళారో రాయాలి. ఏదీ కదపకముందే ఫొటోలు తీయాలి. ఉరితాడును ముడి విప్పకుండా వేరేచోట కోయాలి. దూలం మీది దుమ్ము చెదిరిందా, ఆ పిల్ల ఎత్తుకు ఆ పీట సరిపోతుందా అని చూడాలి. కాలిన కేసయితే డబ్బా ఎక్కడుంది, అగ్గిపెట్టె ఎక్కడుంది? గోళ్ళ కిందున్నది పోకుండా చేతులకు కాగితపు సంచులు తొడగాలి. తడిసిన బట్టను ఆరబెట్టి కాగితంలో చుట్టాలిగానీ ప్లాస్టిక్ సంచిలో మూట కట్టకూడదు, పాడైపోతుంది.

చట్టం లేదా అంటే ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు భార్య ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా మేజిస్ట్రేటు విచారణ జరపాలి. మన దగ్గర అది సాధారణంగా తహసీల్దారు పని. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176వ సెక్షను ఇంకో మెట్టు ఎక్కింది. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలి, వీడియో తీయించాలి. అమలుకు రాష్ట్రాలకు అయిదేళ్ళ గడువిచ్చారు. అయితే మెలిక చూడండి. నేరం జరిగిందన్న సమాచారం అందితేనే ఆ నిబంధన కదులుతుంది. మొదట వచ్చిన పోలీసు 194వ సెక్షను కింద వట్టి 'అసహజ మరణం' అని రాసుకుంటే నిపుణులు రానక్కర్లేదు. నూరు కిలోమీటర్ల పైన ఉన్న ఒంగోలు నుంచి కంభం వైపు క్లూస్ టీం బయల్దేరాలా వద్దా అన్నది ఆ మంచం మీద కూర్చున్న మనిషి కలం తేలుస్తుంది.

మొదటి రోజుల్లో జరిగిన పని నిలవకపోతే ఏమవుతుందో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు చూశాం. 2007 డిసెంబర్‌లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది, 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలింది. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. అప్పటికి కోర్టులో ఉండాల్సిన సాక్ష్యాలు ధ్వంసమయ్యాయి. 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వారు. పన్నెండేళ్ళ తర్వాత ఎముకల్లో వెతికారు.

శవపంచాయతీకి చుట్టుపక్కల గౌరవనీయులు ఇద్దరో అంతకెక్కువమందో ఉండాలంటుంది చట్టం. వాళ్ళు మగవాళ్ళే కావాలని ఎక్కడా లేదు. 'పెద్దమనుషులు' అన్న మన మాటలోకి ఆడవాళ్ళు ఎప్పుడూ పట్టలేదు, అంతే.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, కబురు అందగానే 112కి ఫోన్ చేయండి. హత్య అని అనుమానం ఉందని ఆ మాటతోనే చెప్పండి, ఫోన్ చేసిన టైము రాసుకోండి. పోలీసులు వచ్చేదాకా గడప బయటే నిలబడి, కడగడానికి వచ్చినవాళ్ళను ఆపండి. మనమూ లోపలికి తొక్కుకుంటూ వెళ్ళకూడదు, ఈ తప్పు మేమూ చేశాం. పుట్టింటివైపు ఒక ఆడమనిషి పంచాయతీదారుగా కూర్చోవాలని అడగండి. స్టేషన్లోనూ తహసీల్దారు దగ్గరా రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. స్టేషన్లో కేసు కట్టకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి పోస్టులో పంపండి.