మట్టి పరీక్షలో 8.3 వచ్చినపుడు

భూసార పరీక్ష పత్రం చేతబట్టుకొని వచ్చే పత్తి రైతు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "సార్, మా భూమిల పీహెచ్ ఎక్కువున్నదట. తగ్గేటందుకు ఏమెయ్యాలె?" పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నల్లరేగడి నేలల్లో ఉదజని సూచిక 8 దాటడం సర్వసాధారణం కనుక ప్రశ్న సహజమైనదే. కలవరపెట్టేది దానికి లభించే సమాధానం. జిప్సం వేయమని ఒకరు చెబుతారు. ఉదజని సూచికను తగ్గించే ద్రావణమంటూ ఒక సీసాను అంటగట్టేవారు మరొకరు. ఆమ్ల క్షారాలను గురించి మనం చదువుకున్న ప్రాథమిక పాఠం పొలం గట్టు దాకా రాలేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఉదజని సూచిక అనే భావనను 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ప్రతిపాదించారు. ఇది సంవర్గమాన కొలత, 7.3 నుండి 8.3కు పెరిగితే ఉదజని అయానుల గాఢత పదో వంతుకు పడిపోతుంది. ఈ మాట విద్యార్థులందరికీ కంఠస్థమే. అయితే ఆ సంఖ్య ఆ క్షణాన ద్రావణంలో ఉన్న గాఢతను మాత్రమే తెలుపుతుంది. మార్పును అడ్డుకొనే శక్తి నేలలో ఎంత దాగి ఉన్నదో తెలుపదు. అసలు సంగతి అక్కడే ఉన్నది.

కరీంనగర్ ప్రాంతపు ఎర్ర చల్క నేలలో బంకమన్ను తక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ, సున్నం దాదాపు ఉండదు. కొద్దిపాటి ఆమ్లానికే అది చలిస్తుంది. రేగడి అట్లా కాదు. చాలాచోట్ల అందులో కాల్షియం కార్బొనేట్ రూపంలో సున్నం ఉంటుంది. ఆ సున్నం, నీరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువు సమతాస్థితికి వచ్చినపుడు ఉదజని సూచిక 8.3కు దగ్గరగా నిలుస్తుంది. ఆమ్లం పోస్తే సున్నం దానిని తటస్థీకరిస్తుంది, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా వెళ్లిపోతుంది, సంఖ్య మళ్లీ మొదటికే వస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అందులో 5 శాతం సున్నం ఉన్నదనుకుంటే అది 45 వేల కిలోలు. 100 భాగాల సున్నాన్ని తటస్థీకరించడానికి 98 భాగాల గంధకామ్లం కావాలి. అంటే ఎకరానికి 44 టన్నులు. గంధకం రూపంలో వేసినా 14 టన్నులకు తగ్గదు. దుకాణంలోని లీటరు సీసాలో అచ్చమైన గాఢ గంధకామ్లమే ఉన్నదనుకున్నా, అది రెండు కిలోల సున్నాన్నైనా పూర్తిగా కరిగించలేదు. ఈ లెక్కను పరీక్షలో తప్పు లేకుండా చేసే విద్యార్థే ఉద్యోగంలో చేరిన తరువాత ఆ సీసాను చూసి మౌనం వహిస్తున్నాడు.

ఇక జిప్సం సంగతి. అది ఆమ్లం కాదు, దాదాపు తటస్థ లవణం. నీరు నిలిచే పల్లపు భూముల్లో తెల్లగా పొడిబారే సౌడు నేలకు అది తగిన మందు. అక్కడ బంకమన్నును అంటిపెట్టుకొన్న సోడియం 15 శాతం మించి ఉంటుంది. సోడియం కార్బొనేట్ వల్ల ఉదజని సూచిక 8.5 దాటుతుంది. జిప్సంలోని కాల్షియం సోడియంను తొలగిస్తుంది. ఆ తరువాత మంచినీటితో దానిని కడిగి, మురుగు కాలువ ద్వారా బయటకు పంపాలి. సున్నపు రేగడిలో కాల్షియానికి కొదువ లేదు, తొలగించవలసిన సోడియమూ అంతగా లేదు. అక్కడ ఉదజని సూచిక తగ్గుతుందని జిప్సం వేయించడం డబ్బు మట్టిలో పోయడమే. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో 12 అంశాలను పరీక్షిస్తారు గాని వాటిలో మార్పిడి చెందగల సోడియం శాతం లేదు, సున్నం శాతమూ లేదు. ఈ రెండూ తెలియకుండా 8.3, 8.6 సంఖ్యలను చూసి సలహా ఇవ్వడం సాహసమే.

మరి రైతుకు ఏమి చెప్పాలి? ఆ సంఖ్యను మార్చే ప్రయత్నం మాని, దానికి తగినట్లు ఎరువు వేసే తీరు మార్చుకోమని చెప్పాలి. యూరియా నేలలో అమ్మోనియంగా మారుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7.25 ఉంటే అందులో నూటికి ఒక వంతు మాత్రమే అమ్మోనియా వాయువు రూపంలో ఉంటుంది, 8.25 ఉంటే తొమ్మిది వంతులు. యూరియా గింజ కరిగిన చోట క్షారత ఇంకా పెరుగుతుంది. కనుక రేగడిలో పత్తికి యూరియాను పైపైన చల్లడం గాలికి ఎరువు వేయడమే. మొక్కకు పక్కగా గుంట తీసి వేసి మట్టి కప్పితే నష్టం చాలావరకు తగ్గుతుంది. ఇందుకు సీసా కొననక్కరలేదు, కూలి ఖర్చు మాత్రం ఉంటుంది. ఆ మాట దాచకుండా చెప్పాలి. అట్లాగే ఉదజని సూచిక ఒక అంకె పెరిగితే జింకు కరిగే గుణం సుమారు వంద రెట్లు, ఫెర్రిక్ ఇనుముది వెయ్యి రెట్లు తగ్గుతుంది. లేత ఆకులు పాలిపోయినపుడు అన్నభేదిని నిమ్మ ఉప్పుతో కలిపి ఆకులపై పిచికారీ చేయమనడం అందుకే.

పాఠం చెప్పడానికి పరికరాలు లేవనడం సబబు కాదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయని, దిష్టి తీసే ప్రతి ఇల్లాలికీ తెలుసు. జగిత్యాల పసుపు రైతుకు వేరే చెప్పాలా? ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు వస్తుంది. అయితే ఇది భావన చెప్పడానికే, నేలను కొలవడానికి కాదు. కొలతకు మొదటి మెట్టుగా పనికివచ్చేది సజల హైడ్రోక్లోరికామ్లం. ఎండిన మట్టిపై రెండు చుక్కలు వేస్తే సున్నం ఉన్నచోట బుసబుస పొంగుతుంది. గ్రామాలకు వెళ్లే ప్రతి విద్యార్థి బృందం వెంట ఆ చిన్న సీసా ఉండాలి. పొంగిందా లేదా అన్న ఒక్క మాట పరీక్ష పత్రంలో ఉదజని సూచిక పక్కనే రాయాలి. పొంగని నేలలో 8.5 దాటితే, జిప్సం పేరెత్తే ముందు ఆ నమూనాను సోడియం పరీక్షకు పంపాలి.