నాలుగు తరాల బుష్ ఫ్యామిలీ.. సొంత పార్టీ ఓటర్లే ఎందుకు కాదన్నారు?

ఒక సెనేటర్.. ఇద్దరు అధ్యక్షులు.. టెక్సాస్, ఫ్లోరిడా లాంటి పెద్ద రాష్ట్రాలకు గవర్నర్లు. అమెరికాలో బుష్ కుటుంబం బ్యాక్‌గ్రౌండ్ ఇదీ. అలాంటి ఇంటి నాలుగో తరం వారసుడు జార్జ్ పి. బుష్ 2022 మేలో టెక్సాస్‌లో చిత్తుగా ఓడిపోయారు. అదీ డెమోక్రాట్ల చేతిలో కాదు.. సొంత రిపబ్లికన్ పార్టీ ప్రైమరీలో!

రాష్ట్ర అటార్నీ జనరల్ పదవికి జరిగిన ఆ రనాఫ్‌లో కెన్ పాక్స్‌టన్‌కు దాదాపు 68 శాతం ఓట్లు పడితే, బుష్‌కు వచ్చింది 32 శాతమే. పోనీ పాక్స్‌టన్‌పై కేసులేమీ లేవా అంటే, సెక్యూరిటీస్ మోసం ఆరోపణలపై 2015లో నమోదైన కేసు అప్పటికి పెండింగ్‌లోనే ఉంది. ఆరోపణలను ఆయన ఖండిస్తూ వచ్చారు. ఓటర్లు మాత్రం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

అమెరికాలో టికెట్ ఇచ్చేది హైకమాండ్ కాదు. ప్రైమరీలో ఓటేసే జనమే అభ్యర్థిని తేలుస్తారు. ఇంటిపేరు చూసి పార్టీ పెద్దలు, విరాళాలిచ్చేవాళ్లు వెంట నిలిచినా, ఆ జనం మనసు మారితే చేయగలిగేది తక్కువే. జార్జ్ పి. తండ్రి జెబ్ బుష్‌కు 2016 అధ్యక్ష రేసులో ఇదే ఎదురైంది. ఆయనకు మద్దతుగా పనిచేసిన సూపర్ ప్యాక్ 10 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అయినా సౌత్ కరోలినాలో నాలుగో స్థానం.. ఆ రాత్రే రేసు నుంచి ఔట్.

అసలు కారణం వారసత్వం ఒక్కటే కాదు, పార్టీయే మారిపోయింది. ఇరాక్ యుద్ధం, వలసదారులపై మెతక వైఖరి.. ఈ రెండూ జార్జ్ డబ్ల్యూ. బుష్ పేరుతో ముడిపడ్డాయి. 2006 మార్చిలో హైదరాబాద్ వచ్చి వెళ్లిన అధ్యక్షుడు ఈయనే. మరుసటి ఏడాది ఆయన పట్టుబట్టిన వలస సంస్కరణల బిల్లుకు సొంత పార్టీ సెనేటర్లే అడ్డుపడ్డారు. ఆ అసంతృప్తినే తర్వాత ట్రంప్ ఓట్లుగా మలుచుకున్నారు.

ఈ సంగతి జార్జ్ పి.కి తెలియక కాదు. తండ్రిని ఎద్దేవా చేసిన ట్రంప్‌కే ఆయన జై కొట్టారు. తనను ట్రంప్ మెచ్చుకున్న మాటను బీర్ క్యాన్ల తొడుగులపై ముద్రించి మరీ పంచారు. ట్రంప్ మాత్రం పాక్స్‌టన్‌కే మద్దతు ప్రకటించారు.

ఓటమి ఈ ఇంటికి కొత్తేం కాదు. తాత తండ్రి ప్రెస్కాట్ 1950లో, తాత సీనియర్ బుష్ 1964లో, పెదనాన్న డబ్ల్యూ. 1978లో, తండ్రి జెబ్ 1994లో.. అందరూ ఓటమితోనే మొదలుపెట్టారు. పార్టీ తలుపు తెరిచే ఉంచింది కాబట్టి మళ్లీ వచ్చి గెలిచారు. ఈ ఐదుగురిలో మొదటి ఎన్నికలోనే నెగ్గింది జార్జ్ పి. ఒక్కరే.. 2014లో టెక్సాస్ ల్యాండ్ కమిషనర్‌గా. ఆ పదవి కూడా 2023 జనవరితో ముగిసింది.