శాలువా కూలి కాదు

కళాకారుణ్ణి గౌరవించటం ఎట్లాగో మన దేశంలో అందరికీ తెలుసు. పిలవాలి, వేదిక ఎక్కించాలి, శాలువా కప్పాలి, జ్ఞాపిక చేతిలో పెట్టాలి, ఫోటో తీయించాలి. అతనికి డబ్బివ్వటం ఎట్లాగో మాత్రం ఇంకా చాలామందికి తెలిసినట్టు లేదు. చేర్యాలలో పటాలు రాసే నకాషీలకూ, శ్రీకాళహస్తి కలంకారీ పనివారికీ, నిమ్మలకుంట తోలుబొమ్మల వారికీ నేడు బయటి లోకంతో ఉన్న సంబంధం చాలావరకు రెండు చోట్ల ఏర్పడుతున్నది: ఒకటి పాఠశాల, రెండోది మైదానంలో జరిగే హస్తకళా మేళా. ఈ సంబంధం ఎవరి లాభానికి నడుస్తున్నదో విచారించవలసి ఉన్నది.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను, ప్రతి పాఠశాలలో లేదా పాఠశాల సముదాయంలోను కూడా కళాకారులు కొంతకాలం ఉండి పనిచేసేటట్టు చూడాలన్నది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, చిత్రకారుడు వంటి స్థానికుల దగ్గర పని నేర్చుకోవాలన్నది. ఉద్దేశం మంచిదే, ఎవరు కాదంటారు? అయితే బడిలో ఉండే ఆ కళాకారుడు ఏమి తిని ఉండాలో ఆ వాక్యం చెప్పదు.

అందుచేత ఆచరణలో జరిగేది వేరు. బడి నుంచి ఫోను వస్తుంది. "మా పిల్లలకు మీ కళ పరిచయం చెయ్యండి, మీకూ ప్రచారం వస్తుంది" అంటారు. ఇచ్చేది రెండు గంటల సమయం. ఆ రెండు గంటల్లో పిల్లవాడు ఇంటికి పట్టుకుపోయి చూపించుకోవటానికి ఒక బొమ్మ తయారు కావాలి. రంగులూ కుంచెలూ ఎవరు తెస్తారంటే, వచ్చేవాడే తెస్తాడు!

రెండు గంటల్లో పటం అంటే ఏమిటో తెలుస్తుందా? ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత వెయ్యాలి; ఆరనివ్వాలి; మళ్ళీ వెయ్యాలి; మళ్ళీ ఆరనివ్వాలి. అప్పుడు గాని గీత నిలవదు. కథ చెప్పేవారి కోసం రాసే పటమయితే మూడడుగుల వెడల్పు, ముప్పయి అడుగులకు మించిన పొడవు. కలంకారీ సంగతీ అంతే. గుడ్డను కరక్కాయలోను పాలలోను ముంచి ఆరబెట్టి, నల్లగీత గీసి, పటికనీరు రాసి, పారే నీటిలో ఉతికి, ఒక్కొక్క రంగే ఎక్కించాలి. ఈ పనిలో సగం నిరీక్షణే. నిరీక్షణను రెండు గంటల కార్యక్రమంలో చూపించటం సాధ్యం కాదు. సాధ్యం కాదు గనక దాన్ని తీసివేస్తారు. మిగిలేది ముందే గీసిన గీతల మధ్య రంగు నింపటం. పిల్లలు సంతోషంగానే నింపుతారు. వాళ్ళ తప్పేమీ లేదు. కాని వారికి పరిచయమైనది కళ కాదు, దాని పైతొడుగు.

ఇంకొక మాట. పిలుపు వచ్చేది ఒక్కరికి. పని మాత్రం ఇంటిల్లిపాదిది. చింతగింజలు నానబెట్టి రుబ్బేవారూ, పూత పట్టేవారూ, తోలు గీకి శుభ్రం చేసేవారూ వేదిక మీద ఉండరు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళు. శాలువా ఒకరికే సరిపోతుంది గదా!

"కళను కూలి లెక్కల్లోకి దించుతారా? కళ సేవ, కళ తపస్సు" అనేవారున్నారు. ఇది కొత్త వాదమేమీ కాదు. ఈ మాట చెప్పే ప్రధానోపాధ్యాయుడికి నెలనెలా జీతం వస్తుంది, రావాలి కూడా. ఆనాటి సభకు షామియానా వేసినవాడికి డబ్బివ్వాలి. బయానా పుచ్చుకోనిదే మైకువాడు మైకు తేడు. ఆఖరికి కళాకారుడికి కప్పిన శాలువాను అమ్మిన దుకాణదారుకు కూడా దాని ఖరీదు ముట్టింది. అంతమందిలోను తపస్సు చెయ్యవలసినవాడు ఒక్కడే అయినాడు!

ఇక మేళాలు. హర్యానాలో సూరజ్‌కుండ్ మేళా 1987లో మొదలయింది. హైదరాబాదులో శిల్పారామం 1992లోను, ఢిల్లీలో దిల్లీ హాట్ 1994లోను వెలిశాయి. దళారీ లేకుండా పనివాడే కొనేవాడి ఎదట నిలబడాలన్నది వీటి వెనక ఉన్న ఆశయం. ఆ ఆశయాన్ని నేను వెక్కిరించను. అడ్డం మనిషి లేకుండా నాలుగు పటాలు అమ్ముకున్నవాడికి దాని విలువ తెలుసు. కాని మేళాలో కూర్చున్న పదిహేను రోజులూ ఇంటి దగ్గర పని ఆగిపోతుందనీ, అమ్ముడుపోని సరుకు మళ్ళీ మోసుకురావాలనీ, గాలివాన వస్తే పూత పెట్టిన గుడ్డ మరి పనికిరాదనీ ఎవరు లెక్క వేస్తున్నారు? పక్క దుకాణంలో యంత్రం మీద అచ్చువేసిన గుడ్డను కలంకారీ అనే పేరుతోనే అయిదోవంతు ధరకు అమ్ముతుంటే, చేతిపని చేసినవాడు రోజంతా తన ధరకు సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చోవాలి. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చింది. అది కాగితం మీద పేరును కాపాడుతున్నది. దుకాణం ముందు నిలబడి బేరమాడేవాడికి ఆ కాగితం కనపడదు.

తోలుబొమ్మ అవస్థ మరీ విచిత్రం. వెనక దీపం, ముందు తెర ఉంటేనే దానికి ప్రాణం. దాన్ని పట్టపగలు తడిక గోడకు మేకులతో కొట్టి వేలాడదీస్తారు. చూసినవారు "బాగుంది" అంటారు, దీపపు గుడ్డ కొంటారు. అందుకే నిమ్మలకుంటలో దీపపు గుడ్డలు తయారవుతున్నాయి. రామాయణం ఆడించిన చేతులు దీపాలకు తొడుగులు చేస్తున్నాయని కన్నీరు కార్చే విమర్శకులు ఒక్క రాత్రి ఆటకు డబ్బిచ్చి పిలిపించారా?

పూర్వం పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటం రాయించుకున్నారు; గౌడులకు, ముదిరాజులకు వారి వారి కథకులుండేవారు. ఆ కులపోషణ తిరిగి రావాలని నేను కోరటం లేదు. అందులో మనిషి పుట్టుకకు కట్టుబడి ఉన్నాడు. అయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి: పటం రాయించుకున్నవాడికి తాను బాకీపడ్డానన్న ఎరుక ఉండేది. నేటి బడికీ మేళాకూ ఆ ఎరుక లేదు. అవకాశమిచ్చామనే భావం ఉన్నది.

ప్రభుత్వం కళాకారుణ్ణి పనివాడుగా గుర్తించటం అసాధ్యమంటారా? పెట్టుబడిదారీ అమెరికాలోనే, మాంద్యం రోజుల్లో, 1935 నుంచి 1943 దాకా ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు చిత్రకారులకు వారపు జీతమిచ్చింది. ఊళ్ళలో కళాకేంద్రాలు పెట్టి పిల్లలకు నేర్పించింది. అదీ దయతో నిలిచింది కాదు. కోతలకు ఎదురు తిరిగి 1936 డిసెంబరులో న్యూయార్కులో బైఠాయించిన రెండువందల మందికి పైగా కళాకారులు అరెస్టయినారు. వారికి సంఘం ఉన్నది. మన పటచిత్రకారులకు అవార్డులున్నాయి.

మన చట్టంలో చోటు లేకపోలేదు. 2009 విద్యాహక్కు చట్టం వందమందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలలో కళావిద్యకు పార్ట్‌టైము బోధకుడుండాలన్నది. ఆ చోటు ఊళ్ళో పటం రాసేవాడికి ఎందుకు దక్కదు? అతని దగ్గర సర్టిఫికెట్టు లేదంటారు. వేదిక మీద "మహాకళాకారుడు" అన్నప్పుడు ఎవరూ సర్టిఫికెట్టు అడగలేదే! 2023లో వచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. బొమ్మలు చేసేవాడున్నాడు, చిత్రకారుడు లేడు. బొమ్మలూ ముఖాలూ కూడా చేస్తాడు గనక నకాషీ ఆ దారిన లోపలికి పోవచ్చు. పటాన్ని గుమ్మం బయట పెట్టిపోవాలి.

పాఠశాలల వారు నిజంగా పిలవదలుచుకుంటే ఒక పూటకు కాదు, ఒక నెలకు పిలవాలి. రోజుకూలి ఎంతో ముందుగా కాగితం మీద రాయాలి. ఇంటి దగ్గర పూతకు పట్టిన రోజులు కూడా అందులో కలపాలి. సరుకు బడే కొనాలి. పిల్లల ఎదట తయారైన పటాన్ని వేరే ధర ఇచ్చి తీసుకోవాలి. బడులు జూన్‌లో తెరుస్తారు. పూత ఎండలుండగానే ఆరాలి. కాబట్టి బయానా ఏప్రిల్‌లోనే చేర్యాల చేరాలి.