ఆగమమా, ఆదేశమా?

సర్వరును అద్దెకు తీసుకొని జాలస్థలాలు నడిపేవారి మధ్య ఒక వాదం చాలాకాలంగా సాగుతున్నది. సీప్యానెల్ వంటి నిర్వహణ ఫలకమూ, దాని వెంట వచ్చే అపాచీ సర్వరూ ఉన్న యంత్రంలోనే ఎంజిన్‌ఎక్స్‌ను రివర్స్ ప్రాక్సీగా ముందు నిలుపుకోవడం యుక్తమా, కాదా అన్నది ఆ వాదం. ఒక పక్షం వారు రెండు సర్వర్లెందుకు, అపాచీని తీసివేసి ఎంజిన్‌ఎక్స్‌నే ఉంచండి అంటారు. మరొక పక్షం వారు నడుస్తున్నదానిని కదపవద్దంటారు. నా అభిప్రాయం ఈ రెంటికీ నడుమ ఉన్నది. దానిని చెప్పడానికి నేనెరిగిన శాస్త్రం నుండే రెండు మాటలు తీసుకుంటాను.

వ్యాకరణంలో ఆగమమనీ, ఆదేశమనీ రెండున్నవి. 'మా అమ్మ' అన్నప్పుడు రెండు అచ్చుల నడుమ యకారం చేరి 'మాయమ్మ' అవుతుంది. చేరిన యకారం ఇటు అచ్చునూ తొలగించలేదు, అటు అచ్చునూ తొలగించలేదు. అది ఆగమం. 'వాడు కొట్టె' అన్నది 'వాడు గొట్టె' అయినప్పుడు కకారం లేచిపోయి ఆ చోట గకారం కూర్చున్నది. అది ఆదేశం. ఆగమం మిత్రుని వలె వస్తుందనీ, ఆదేశం శత్రువు వలె వస్తుందనీ పెద్దలు చెప్పే మాట వ్యాకరణం చదువుకున్నవారందరూ విన్నదే. ఎంజిన్‌ఎక్స్ మన యంత్రంలోనికి ఆగమంగా రావాలి గాని ఆదేశంగా రాకూడదన్నది నా వాదం.

ముందుగా దాని అవసరమేమిటో చూద్దాం. అపాచీ 1995లో పుట్టినది. దాని పాత పద్ధతిలో ఒక్కొక్క కనెక్షనుకు ఒక్కొక్క ప్రాసెస్ కేటాయింపబడుతుంది. పీహెచ్‌పీ కూడా అందులోనే ఇమిడి ఉంటే ఆ ప్రాసెస్ పదుల మెగాబైట్ల మెమరీని ఆక్రమిస్తుంది. ఒక్కొక్కటి 40 మెగాబైట్లనుకొంటే యాభై మంది ఒకేసారి వచ్చేసరికి 2,000 మెగాబైట్లు కావాలి. చిన్న యంత్రం అంతటితో చతికిలపడుతుంది. బలహీనమైన సిగ్నలు మీద ఫోనులో చదివే పాఠకుడు పుటను కొంచెం కొంచెంగా అందుకుంటున్నంత సేపూ అంత పెద్ద ప్రాసెస్ అతని కోసమే కాచుకొని ఉండాలి. అందిన తరువాత కూడా మరొక కోరిక వస్తుందేమోనని కొంతసేపు ఆగుతుంది. అపాచీ 2.4లో ఆ గడువు మార్చకపోతే 5 సెకన్లు.

ఇగోర్ సిసోయెవ్ అనే రష్యా దేశస్థుడు 2002లో ఈ చిక్కు విప్పడానికి పూనుకొని 2004లో ఎంజిన్‌ఎక్స్‌ను లోకానికి విడుదల చేశాడు. అందులో కొద్దిపాటి వర్కర్ ప్రాసెస్‌లే వేల కనెక్షన్లను కనిపెట్టుకొని ఉంటాయి. దానిని ముందు నిలిపితే అపాచీ తయారుచేసిన పుటను అది గబగబా అందుకొని తన దగ్గర ఉంచుకొని, పాఠకుని వేగాన్నిబట్టి అందిస్తుంది. అపాచీకి వెంటనే విడుదల. పెళ్ళిభోజనాలలో వంటవాడే వడ్డనకు కూడా నిలబడితే పొయ్యి మీద అన్నం మాడుతుంది. వడ్డించేవారు వేరుగా ఉండాలన్నది అందరూ ఎరిగిన ధర్మమే.

తెలుగు పుటలకు ఈ వడ్డన మరింత అవసరం. యూటీఎఫ్-8లో ఆంగ్లాక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి వర్ణచిహ్నానికీ మూడు బైట్లు కావాలి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈకార గుణింతం కలిసి ఆరు చిహ్నాలు. అనగా 18 బైట్లు. ఆ చిహ్నాల మొదటి బైటు ఎల్లప్పుడూ ఒకటే, రెండవది రెండింటిలో ఒకటి. కనుక జీజిప్ కుదింపు మన లిపి మీద చక్కగా పనిచేస్తుంది. ఆ కుదింపును ఎంజిన్‌ఎక్స్‌కు అప్పగించి వెనుక మానివేయవచ్చు. వెబ్ చిరునామాలో తెలుగు వ్రాసినప్పుడు అదే 'స్త్రీ' 54 గుర్తులుగా విస్తరిస్తుంది. అటువంటి చిరునామాను మధ్యవర్తి విప్పి మళ్ళీ కట్టకుండా వచ్చినది వచ్చినట్లుగా వెనుకకు పంపేటట్లు అమర్చుకోవడం క్షేమం.

ఇంత మేలైనదైతే అపాచీని తీసివేయరాదా అని అడగవచ్చు. ఖర్చు మాట కూడా ఎత్తుతారు. 2019లో సీప్యానెల్ ఖాతాల సంఖ్యనుబట్టి రుసుము వసూలు చేసే పద్ధతికి మారిన తరువాత చిన్నవారికి భారం పెరిగిన మాట నిజమే. అయినా ఫలకమంటే అందమైన మీటల వరుస మాత్రమే కాదు. ఉత్తరాలు, డేటాబేసులు, ప్రతిలిపులు, భద్రతా ధ్రువపత్రాలు అన్నీ దాని చేతిలో ఉంటాయి. ధ్రువపత్రాల గడువును 2029 నాటికి 47 రోజులకు కుదించాలని 2025లో నిర్ణయమైనది. అంత తరచుగా చేత్తో మార్చడం ఎవరి తరమూ కాదు. పైగా అపాచీ ప్రతి సంచిలోనూ ఉన్న డాట్ హెచ్‌టీయాక్సెస్ దస్త్రాన్ని చదువుతుంది. ఎంజిన్‌ఎక్స్ చదవదు. ఆ చిన్న దస్త్రం వల్లనే యంత్రం తాళపుచెవులు లేని సామాన్యుడు కూడా తన స్థలానికి తానే నియమం వ్రాసుకోగలుగుతున్నాడు. అపాచీని తీసివేస్తే ఆ స్వాతంత్ర్యం పోయి ప్రతి చిన్న మార్పుకూ నిపుణుని వాకిట నిలబడవలసి వస్తుంది. మన సాహిత్య స్థలాలు ఎక్కువగా జీతమడగని ఔత్సాహికుల చేతుల మీదుగా నడుస్తున్నవి. అందరిలో ఒక్కరికే తెలిసిన అమరిక ఆ ఒక్కరూ తప్పుకున్న నాడు మూగపోతుంది. అప్పుడు పోయేది యంత్రం కాదు, ఏళ్ళ తరబడి కూడబెట్టిన వాఙ్మయం.

అయితే మిత్రునికి కూడా మర్యాదలుంటాయి. మొదటిది, వచ్చినవారి పేరు దాచకూడదు. ప్రాక్సీ వెనుక ఉన్న అపాచీకి పాఠకులందరూ 127.0.0.1 నుండి వచ్చినట్లే కనిపిస్తారు. అప్పుడు దుండగుని ఆపబోయే రక్షణ ఏర్పాటు మన యంత్రాన్నే అనుమానిస్తుంది. ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ శీర్షికలో అసలు చిరునామాను పంపి, అపాచీ వైపు మాడ్ రిమోట్‌ఐపీని అమర్చి, మన ప్రాక్సీ చెప్పినదానినే నమ్మమని కట్టడి చేయాలి. పాఠకుడు భద్రమైన మార్గాన వచ్చాడన్న సంగతీ వెనుకకు తెలపాలి. లేకుంటే పుట తన చుట్టూ తానే తిరుగుతుంది.

రెండవది, ఒకరి ఉత్తరం మరొకరికి ఇవ్వకూడదు. కుకీలను పంపే పుటలను ఎంజిన్‌ఎక్స్ సహజంగా నిలువచేయదు. వేగం మీది మోజుతో ఆ కట్టుబాటును తొలగించమని సలహాలిచ్చేవారున్నారు. అలా చేస్తే లోపలికి ప్రవేశించిన సభ్యుని సొంత పుట దారిన పోయేవారికి కనిపించే ప్రమాదం ఉన్నది. వేగానికి గోప్యతను బలిపెట్టరాదు.

మూడవది, ఇంటి యజమానిని దాటి పోకూడదు. ఫలకం అపాచీ అమరిక దస్త్రాన్ని తిరగవ్రాసినప్పుడల్లా మనం చేత్తో దిద్దినది తుడిచిపెట్టుకుపోతుంది. కనుక ఫలకం అనుమతించిన మార్గాననే రావాలి. ప్లెస్క్ 2012లోనే ఎంజిన్‌ఎక్స్‌ను తనలో చేర్చుకున్నది. సీప్యానెల్ వారు తరువాత తామే ఒక ప్యాకేజీ ఇచ్చారు. అది అపాచీని 81, 444 పోర్టులకు జరిపి ముందు వాకిలి ఎంజిన్‌ఎక్స్‌కు అప్పగిస్తుంది. ఉచితంగా లభించే హెస్టియాలో కూడా ఈ జంట అమరిక ఉన్నది. ఇవి ఉండగా ఎక్కడో దొరికిన స్క్రిప్టును తెచ్చి అతికించడం అవివేకం.

అందరికీ ఇది కావాలని నేననను. అపాచీలో ఈవెంట్ పద్ధతినీ, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌నూ ఎంచుకుంటే పైన చెప్పిన భారం చాలావరకు తగ్గుతుంది. రోజుకు వందమంది చదివే స్థలానికి అది చాలు. విశేష సంచిక వెలువడిన నాడు యంత్రం ఉక్కిరిబిక్కిరి అయ్యే స్థలానికి ముందొక మిత్రుడు కావాలి. అవసరం లేని చోట యడాగమం చేసినా తప్పే కదా!

విజ్ఞులు ఆలోచింతురు గాక.