చేతిపనులు: ఎయిర్‌బ్రష్షు సాధన

గాలితో రంగు చల్లు ఎయిర్‌బ్రష్షు చేతికి వచ్చిననాడే చీరె కొంగున పూవులు దిద్దబోకుడు. ఒక్క చుక్క చిమ్మినను చీరె చెడును. మొదట పాత వార్తాపత్రిక చాలును. రంగు పాలవలె పలుచగా నుండవలెను. రెండు పనులు చేయు మీట గలదానిని గూర్చి చెప్పెదను. క్రిందికి నొక్కిన గాలియు, వెనుకకు లాగిన రంగును వచ్చును. గాలి ముందు, రంగు పిదప. ఆపునపుడు రంగు ముందు, గాలి పిదప. ఈ వరుస తప్పినచో మొనయందు నిలిచిన రంగు మరల నొక్కినపుడు చిమ్మును. నేనును దీనినే తరచు మరచుచుందును!

ముగ్గునకువలె చుక్కలు పెట్టి, వానిని గీతలతో కలుపుడు. గీతకు మాత్రము చేయి కదలిన పిదపనే రంగు విడువవలెను. లేనిచో మొదట బొట్టు పడును. మొన కాగితమునకు దగ్గరైన గీత సన్నమగును. దూరమైన వెడల్పై నీడవలె పలుచబడును. దగ్గరగా పట్టి రంగు మిక్కిలి విడిచినచో సాలెపురుగు కాళ్లవలె పారును. చుక్కలన్నియు నొక్క పరిమాణమున వచ్చువరకు కొంగు జోలికి పోవలదు. పని కాగానే కడుగుడు. ఎండిన రంగు సూదిని పట్టుకొనును.