పితృఋణమూ, మౌనమూ

శ్రీశైల క్షేత్రంలో పాతాళగంగలో స్నానమాడి పితృతర్పణం విడిచేవారు తండ్రి, తాత, ముత్తాతల పేర్లను గోత్రసహితంగా ఉచ్చరిస్తారు. మూడు తరాలను నోరారా తలచుకోవడమే ఆ క్రియకు ప్రాణం. అయితే ఆ పెద్దలలో ఒకరి చేతికి తోటి మనిషి నెత్తురు అంటి ఉంటే? ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసీ ఎవరూ నోరు విప్పకపోతే? ముఠాకక్షలను చవిచూసిన రాయలసీమ పల్లెల బిడ్డలకు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు.

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్లను గుర్తు చేసుకోండి. 2008 మే నెలలో ఒకే దాడిలో 11 మంది హతులయ్యారు. 2014లో ఆదోని న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. అనంతరం నాటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ గ్రామాన్ని దత్తత తీసుకొని బాగుచేయడానికి పూనుకున్నారు. అయినా చంపినవారి సంతానం, చనిపోయినవారి సంతానం ఒకే వీధిలో ఎదురుపడే ఊళ్లలో న్యాయస్థానం తీర్చలేని లెక్క ఒకటి మిగిలే ఉంటుంది.

తండ్రి పాపం కొడుకుకు సంక్రమిస్తుందా? తండ్రి చేసిన న్యాయమైన అప్పును కొడుకు తీర్చాలన్న యాజ్ఞవల్క్యస్మృతే, తండ్రి తాగుడుకూ జూదానికీ చేసిన అప్పును, ఆయన చెల్లించక మిగిల్చిన జరిమానాను కొడుకు చెల్లించనక్కరలేదని చెప్పింది. దండన దోషిదే. కనుక హంతకుని మనుమడిని హంతకుడిగా చూడడం అధర్మం.

మరి మౌనం మాటేమిటి? అది తాత చేసినది కాదు, మనం చేస్తున్నది. సభాపర్వంలో ద్రౌపది ప్రశ్నకు కురువృద్ధులు బదులు పలకనప్పుడు విదురుడు ప్రహ్లాదుని వృత్తాంతం వినిపించాడు. కన్నకొడుకు విరోచనుడికీ, సుధన్వుడికీ నడుమ వివాదం తన ముందుకు వచ్చినప్పుడు ప్రహ్లాదుడు కశ్యపుని అడిగాడు. తెలిసీ సత్యం చెప్పనివాడు వరుణపాశాలకు చిక్కుతాడని మహర్షి హెచ్చరించాడు. ప్రహ్లాదుడు కొడుకుకు వ్యతిరేకంగానే తీర్పు చెప్పాడు.

మన నల్లమలలోని అహోబిలం ఆ ప్రహ్లాదుని కథతోనే పునీతమైంది. భాగవతం సప్తమస్కంధంలో నరసింహస్వామి వరం కోరుకొమ్మన్నప్పుడు ఆయన తండ్రిని మంచివాడని పొగడలేదు. తండ్రి స్వామిని నిందించాడనీ, భక్తుడైన తనకు ద్రోహం చేశాడనీ చెప్పి, అటుపిమ్మటే ఆయనను పవిత్రుణ్ణి చేయమని వేడుకున్నాడు. స్వామి అనుగ్రహించి, తండ్రికి ఉత్తరక్రియలు జరపమని ఆజ్ఞాపించాడు. దోషాన్ని దాచకుండానే పితృభక్తి నిలుస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

నాజీల ఏలుబడిలో ఆక్రమిత పోలండును పాలించి, 1946లో ఉరికంబమెక్కిన హాన్స్ ఫ్రాంక్ కుమారుడు నిక్లాస్ 1987లో తండ్రి నేరాలపై గ్రంథమే ప్రకటించాడు. అందులో తండ్రిపై ఆగ్రహం నిండి ఉంది. ప్రహ్లాదుని మార్గం అంతకన్నా కఠినం. ప్రేమను వదలక సత్యం పలకాలి.

పాఠకులారా! పెద్దలు బ్రతికి ఉండగానే జరిగినది అడిగి తెలుసుకోండి. దానిని పౌరుషగాథగా పిల్లలకు చెప్పకండి. అన్యాయంగా లాక్కున్న పొలం ఇంకా మీ సాగులో ఉంటే అది పిత్రార్జితం కాదు, పరధనం, తిరిగి అప్పగించండి. బాధితుల గడప తొక్కే ముందు వారి సమ్మతి అడగండి. క్షమించమని ఒత్తిడి చేయకండి. క్షమ వారి సొత్తు, ఇచ్చినా ఇవ్వకున్నా వారి ఇష్టం.

మల్లికార్జునునికి ఎన్ని అభిషేకాలు చేయించినా, పొరుగింటి గడపలో చెప్పవలసిన మాటకు అవి బదులు కాలేవు. అర్చకుడిగా నేను చెప్పగలిగినది ఇదే. తాతల పాపం మీది కాదు. తెలిసిన నిజం మాత్రం మీదే.