అంటు ఎవరిది? – 7: గోలీ మన ఊళ్లో, మౌనం మన హాస్టల్లో



హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే గోలీ ఉంది. పేరు ప్రెప్. అమెరికా 2012లోనే ఒప్పుకుంది. ఈ మందులు చేసి దేశదేశాలకు పంపే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇక్కడి ఎస్సీ హాస్టల్లో ఉండే గే తమ్ముడికి మాత్రం దాని పేరు చెప్పినవాళ్లు లేరు. "చెబితే చెడిపోతారు" అంటారు. ఈ నీతి మనకు కొత్తా? మనల్ని బావికి దూరంగా నిలబెట్టిందీ ఇదే.

377 కోరలు 2018లో సుప్రీంకోర్టు పీకింది. మన ఒప్పుదల లేకుండా పరీక్ష చేయొద్దని 2017 చట్టం చెప్పింది. కానీ టెస్టింగ్ సెంటర్ దగ్గర తెలిసినోళ్లు చూస్తారన్న భయం ఏ చట్టంతో పోయింది? అందుకే సెల్ఫ్ టెస్ట్ కావాలి. తలుపేసుకుంటే అరగంటలో తేలుతుంది.

పాజిటివ్ వస్తే అది తీర్పు కాదు. సర్కారు దవాఖానలో మళ్లీ పరీక్షించి ఖరారు చేస్తారు, మందులు ఉచితం. నెగెటివ్ వస్తే డాక్టర్ని ప్రెప్ అడుగు. ఈమధ్యే రిస్క్ జరిగుంటే మూడు నెలలకు మళ్లీ చూసుకో. కండోమ్ మానకు, మిగతా సుఖవ్యాధుల్ని ఈ గోలీ ఆపదు. అనుమానముంటే 1097కు ఫోన్ చెయ్.

ఇంద్రధనుస్సు జెండా పట్టే సంఘాలకు ఒక్క మాట: హాస్టల్లో కిట్, సర్కారు దవాఖానలో ఉచిత ప్రెప్. వచ్చే డిమాండ్ల పత్రంలో ఈ రెండూ రాయండి. లేదంటే ఆ జెండా మడిచి పెట్టండి.